‘నిద్రించిరి’ అన్న మాట

కోవూరులో కాలవ గట్టు మీది మందిరానికి వచ్చేవాళ్లలో ఎవరి మోకాలు ఎప్పటినుంచి నొప్పో, ఎవరి రొయ్యల గుంటకు ఏ తెగులు తగిలిందో, ఎవరి కోడలు ఎందుకు అలిగి పుట్టింట్లో కూర్చుందో దేవుడికి తెలుసు. ఆయన తర్వాత కరుణాకుమారికి తెలుసు. పాస్టరు కిషోర్ బాబుగారికి మాత్రం తెలియదు. ఆయనకు ప్రసంగం ఉంది, ప్రసంగానికి మైకు ఉంది, మైకుకు ఈమధ్యే ఎకో కూడా పెట్టించారు. ఇన్ని ఉన్న మనిషికి ఇంకొకరి మోకాలితో ఏం పని?

కరుణాకుమారికి యాభై నాలుగేళ్లు. బస్టాండు వెనక చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్సు వేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా మందిరంలో ప్రార్థన అంశాలు రాసేది ఆమే. అంటే ఎవరికి ఏ కష్టం వచ్చిందో, దేనికోసం అందరూ కలిసి ప్రార్థన చెయ్యాలో ఆ వివరం అన్నమాట. మిషను తొక్కుతూనే ఫోన్లో వింటుంది, నోటుబుక్కులో రాసుకుంటుంది, ఆదివారం చదువుతుంది, బుధవారం తనే ఫోన్ చేసి “జరం తగ్గిందా అక్కా?” అని అడుగుతుంది. తగ్గితే ఆ అంశం పక్కన టిక్కు పెడుతుంది. మొగుడు పోయిన ఏడాది ఆమెను నిలబెట్టింది ఆ నోటుబుక్కే. తను ఏడవబోయేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి వాళ్ల ఏడుపు ఏడ్చేవారు, దాంతో తన ఏడుపు వాయిదా పడిపోయేది.

అంతా బాగానే ఉండగా పాస్టరుగారు నెల్లూరులో ఏదో సదస్సుకు పోయొచ్చారు. అక్కడ వెంకటాచలం వైపు నుంచి వచ్చిన ఇంకో పాస్టరు, తమ సంఘానికి ఏఐ బాట్ ఉందని, అదే ఫేస్‌బుక్కులో పోస్టులు పెడుతుందని, వాట్సాపులో జవాబులిస్తుందని అందరి ముందూ చెప్పాడట. పాస్టరుగారికి ఆ పూట భోజనం సయించలేదు. ఊళ్లోకి రాగానే బెన్హర్‌ను పిలిపించారు.

బెన్హర్‌ది బస్టాండు ముందు ఫ్లెక్సుల షాపు. పాస్టరుగారి తల వెనక సూర్యకిరణాలు పెట్టే పద్ధతి ఈ మండలంలో మొదలుపెట్టింది అతనే. పది రోజులు వీడియోలు చూసి బాట్ తయారుచేశాడు. కృపావాణి అని పాస్టరుగారే పేరు పెట్టారు. దానికి మేతగా తన ప్రసంగాలు మూడువందలు ఇచ్చారు. అవి మింగిన కృపావాణి, గ్యాసు నొప్పి అని ఎవరో రాస్తే బాబేలు గోపురం ఎలా కూలిందో పదహారు పేరాల్లో వివరించింది. బెన్హర్ ఎవరికీ చెప్పకుండా కరుణాకుమారి దగ్గరికి వచ్చాడు.

“అక్కా, నీ వాట్సాపు జవాబులన్నీ ఒకసారి ఇయ్యక్కా. దానికి మాట్టాడేది నేర్పాల.”

పాపం ఇచ్చింది. మర్నాటినుంచి కృపావాణి మనిషిలా మాట్లాడసాగింది. “దిగులు పడబాకండి అక్కా, మేముండాం కదా. కషాయం తాగినారా?” అనేది. జనం మురిసిపోయారు. పాస్టరుగారు ముఖం చిట్లించారు.

“ఏందయ్యా ఇది, బాకండి గీకండి అంటా? దేవుని మాట దేవుని మాటలాగుండాల. గ్రాంథికంలో పెట్టు.”

బెన్హర్ పెట్టాడు. ఎవరు ఏది రాసినా పాత కరపత్రాల భాషలోకి మార్చి, బొమ్మ తగిలించి, పేజీలోనూ గ్రూపులోనూ వెయ్యమని బాట్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. నమూనాకు తన కంప్యూటర్లో ఉన్న కరపత్రాలన్నీ ఎక్కించాడు. అతని షాపులో ఎక్కువగా పడేవి చావు కార్డులు, జ్ఞాపకార్థ కూటాల పిలుపులు. ఆ సంగతి అతనికి తట్టలేదు, పాస్టరుగారు అడగలేదు.

ఆదివారం వేదిక మీంచి ప్రకటన వచ్చింది. ఇకమీదట ప్రార్థన అంశాలన్నీ కృపావాణికే పంపాలి, కరుణాకుమారిగారు రాయాల్సిన పనిలేదు. చప్పట్లు కొట్టారు. కరుణాకుమారి కూడా కొట్టింది, కొట్టకపోతే బాగుండదని. ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిస్తే చివరి పేజీలో టిక్కు లేని అంశం ఒకటి మిగిలిపోయి ఉంది. ‘మగ్దలీనమ్మ గారికి పన్నెండు రోజులుగా నిద్ర లేదు.’ అది చూసి ఏడ్చింది. ఈసారి ఎవరి ఫోనూ రాలేదు.

మగ్దలీనమ్మకు ఎనభై దాటాయి, దగ్గు. కూతురు రెజీనా కొత్త నియమం ప్రకారం గురువారం మధ్యాహ్నం కృపావాణికి ఇలా రాసింది: “మా అమ్మ మగ్దలీనమ్మ ఈరోజు మద్దేనం రసం అన్నం తిని హాయిగా నిద్రపోయింది. ప్రార్థన చేసినోళ్లందరికీ వందనాలు.”

రెండు నిమిషాల్లో పేజీలో కార్డు పడింది. చుట్టూ తెల్లటి లిల్లీపూలు, మధ్యలో ముసలామె ఫొటో. “సహోదరి మగ్దలీనమ్మగారు ఈ దినము మధ్యాహ్నము భోజనానంతరము సుఖముగా నిద్రించిరి. ప్రార్థించిన వారందరికిని కుటుంబసభ్యులు వందనములు తెలుపుచున్నారు.”

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ మందిరం భాషలో మనుషులు చచ్చిపోరు, నిద్రిస్తారు. మామూలుగా కునుకు తీసినవాళ్ల గురించి ‘నిద్రించిరి’ అని ఆ సంఘంలో ఇంతవరకు ఎవరూ రాసిన పాపాన పోలేదు.

కరుణాకుమారి మిషను ఆపేసి రెజీనాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తల్లి లేస్తుందేమోనని రెజీనా ఫోన్ సైలెంటులో పెట్టింది మరి. ఆటో పట్టుకుని పోయేసరికి వీధిలో షామియానా గుంజలు పాతుతున్నారు, పూలదండలు దిగుతున్నాయి. బెన్హర్ ఆరడుగుల ఫ్లెక్సుతో సహా హాజరు. గుమ్మంలో రెజీనా నోటి మీద వేలు పెట్టుకుని కంగారుగా నిలబడి ఉంది.

“ష్! గోల చెయ్యబాకండి. అమ్మ నిద్రపోతా ఉండాది.”

ఆ మాటకు అందరూ మరింత గట్టిగా ఘొల్లుమన్నారు. కరుణాకుమారి మాత్రం లోపలికి పోయి మంచం పక్కన మోకరించింది. అప్పుడు వినిపించింది గురక. మామూలు గురక కాదు, ఇన్ని రోజుల బాకీ తీర్చుకుంటున్న గురక. ఆమె నోరు తెరిచేలోగా బయటి ఏడుపులకు ముసలామె లేచి కూర్చుంది.

“ఎవురే పోయింది?” అంటూ కిటికీలోంచి ఫ్లెక్సు చూసింది. “నా ఫొటో ఎందుకేసినార్రా? ముక్కు వంకరగా పడిందే!”

సరిగ్గా అప్పుడే తెల్లబట్టల్లో పాస్టరుగారు దిగారు. వచ్చే దారిలో సమాధి ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. లేచి కూర్చున్న ముసలామెను చూశారు. ఆ క్షణంలో తప్పు ఒప్పుకుని ఉంటే అందరూ నవ్వుకుని ఇళ్లకు పోయేవారు. ఆయన చేతులెత్తి “హల్లెలూయా! నిద్రించిన సహోదరి లేచెను!” అన్నారు. బెన్హర్ వీడియో తీశాడు. కృపావాణి పేజీలో వేసింది. సాయంత్రానికల్లా నాయుడుపేట నుంచి వ్యాన్లు బయల్దేరాయి.

రెండు రోజులు జనం ఆ ముసలిదాని చెయ్యి ముట్టుకున్నారు, నెత్తి ముట్టుకున్నారు, ఒకావిడ దుప్పటి అంచు కత్తిరించుకుపోయింది. మగ్దలీనమ్మకు నిద్ర మళ్లీ పోయింది.

శనివారం పాస్టరుగారు స్వయంగా కుట్టు గదికి వచ్చారు. ఇన్నేళ్లలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు.

“అమ్మా, మంచం దగ్గరికి ముందుగా పోయింది మీరే. ఊపిరి లేదని రేపు సాక్ష్యం చెప్పండి చాలు. అంశాలు రాసే పని మళ్లీ మీకే. కృపావాణికి కూడా మిమ్మల్నే పెద్దగా పెడతాం.”

కరుణాకుమారికి ఆశ పుట్టలేదంటే అబద్ధం. పుట్టింది. ఆ సాయంత్రం రెండు చీరలకు ఫాల్సు తిరగేసి కుట్టి, విప్పి, మళ్లీ తిరగేసే కుట్టింది. ఒక్క చిన్న మాట. దానికి బదులు బుధవారాలు, టిక్కులు, ఫోన్లు అన్నీ వెనక్కొస్తాయి. మంచం పక్కన విన్న గురక మాత్రం చెవిలోంచి పోలేదు.

ఆదివారం మైకు ముందుకు నోటుబుక్కుతోనే పోయింది.

“ఇది మిగిలిపోయిన అంశం. మగ్దలీనమ్మగారికి నిద్ర లేదు. గురువారం మద్దేనం పట్టింది. ఊపిరి ఉండాది, గురక కూడా ఉండాది, నా చెవులారా విన్నా. ఇప్పుడు మళ్లీ పట్టడంలేదు. పట్టనియ్యనిది మనమే. ప్రార్థన చెయ్యండి, వాళ్లింటికి మాత్రం ఎవురూ పోబాకండి.”

ఎకో ఆ చివరి మాటను మూడుసార్లు చెప్పింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారి మొహం కందగడ్డ అయింది.

కూటం అయ్యాక ఆయన ఫోన్ తీసి కృపావాణికి తనే రాశారు: “ఇన్నేళ్లు సేవ చేసిన కరుణాకుమారి గారికి ఈరోజు నుంచి పూర్తి విశ్రాంతి ఇచ్చినాము.” రాసి, ఫోన్ జేబులో వేసుకుని భోజనానికి పోయారు.

కరుణాకుమారి ఇంటికొచ్చి నోటుబుక్కును ట్రంకుపెట్టెలో గుడ్డముక్కల కింద పెట్టింది. పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మూడింటికి ఫోన్ మోగింది. రొయ్యల గుంటల పుష్పకుమారి, ఎక్కిళ్లు పెడుతోంది.

“హలో, ఎవురండీ మాట్టాడేది? కరుణక్కని ఎప్పుడు తీసుకుపోతా ఉండారు?”

“యాడికి? నేనే మాట్టాడేది, పుష్పా.”

అవతల ఒక కేక, ఫోన్ కిందపడిన చప్పుడు. తర్వాత సన్నగా వినిపించింది. “అక్కా, బతికే ఉండావా?”

“ఉండాన్లే. ఏమైంది?”

“కార్డేసినారక్కా, లిల్లీపూలతో. ‘సహోదరి కరుణాకుమారిగారు సేవను ముగించి ఈ దినము సంపూర్ణ విశ్రాంతిలో ప్రవేశించిరి’ అని. మా ఆయన బస్సెక్కేసినాడు దండ తీసుకుని.”

కరుణాకుమారికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లనీళ్లొచ్చాయి. బయట ఆటోలు ఆగుతున్నాయి. ఎవరో పేరు పెట్టి ఏడుస్తూ మెట్లెక్కుతున్నారు. ఫోన్లో ఇంకో రెండు కాల్స్ వరసలో ఉన్నాయి.

పుష్పకుమారి ముక్కు చీదుకుని గొంతు సర్దుకుంది. “బతికే ఉండావు గదా, అయితే రాసుకో అక్కా. మా గుంటలో రొయ్యలు తేలతా ఉండాయి. వారం రోజులుగా ఆ వాణికే చెప్తా ఉండా. ‘ధైర్యము వహించుడి’ అంటాది, అంతే. తర్వాత ఏమైందని ఒక్కరోజు కూడా అడగలా.”

కరుణాకుమారి ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ట్రంకుపెట్టె మూత ఎత్తింది. గుడ్డముక్కలు పక్కకు తోసి, నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తిప్పింది.

“చెప్పు. పెద్ద గుంటా, చిన్నదా?”