చిటపటక్కకు ఇచ్చిన ఎర్ర అట్ట

ఆ రోజుల్లో నాకు జీతం నెలకొకసారి వచ్చేది, కోపం మాత్రం రోజుకు నాలుగుసార్లు వచ్చేది. బస్సు ఆలస్యమైతే కోపం, నాకంటే ముందొచ్చి వెళ్లిపోతే కోపం, ఎవరైనా 'అంత కోపమెందుకయ్యా' అని అడిగితే అన్నిటికంటే పెద్ద కోపం. ఇప్పుడు తల మీద సగం వెంట్రుకలు పోయాయి గానీ కోపం ఒక్క పిసరు రాలలేదు. ఇది రాయడానికి కూర్చున్నదీ కోపంతోనే. మొన్న మా అమ్మాయి బడిలో పిల్లలకు ఏవో ప్రశ్నలిచ్చి టిక్కులు పెట్టించుకుని, 'మీ పాప నలుగురిలో కలవని రకం' అని కాగితం పంపారు. తొమ్మిదేళ్ల పిల్ల! ఆ కాగితం చింపుతుంటే నేనూ ఒకప్పుడు మనుషులకు ఇలాగే ముద్రలు కొట్టానన్న సంగతి గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది ఆత్మకూరు. గద్వాల దగ్గర ఒక పల్లెలో ఒక విత్తనాల కంపెనీ తరఫున విత్తన పత్తి చేన్లు చూసుకునే ఉద్యోగం కొత్తగా దొరికింది. మా అమ్మకు అన్న వరసయ్యే మామ ఒకాయన అక్కడే ఎకరం కౌలుకు తీసుకుని మొదటిసారి విత్తన పత్తి వేశాడు. ఆ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడీ గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల పువ్వు తెచ్చి దాని మీద రుద్ది, తొడిమకు ఎర్ర దారం కట్టాలి. సాయంత్రం ఒక మొగ్గ కళ్లు గప్పిందా, పొద్దున్నే అది తనంతట తాను విచ్చుకుని విత్తనాన్ని పాడు చేస్తుంది. అలాంటివి ఎక్కువ కనబడితే కంపెనీ ఆఫీసరు తనిఖీలో చేను మొత్తాన్ని పనికిరాదని కొట్టేస్తాడు, మళ్లీ ఆ రైతు మొహం చూడడు. మామ ఆరు నెలల చాకిరీ ఆ మొగ్గల మీదే ఆధారపడి ఉంది.

చేనులో ఆరుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. ముందు సాలులో ఒకావిడ నడిచేది. ఆమెను అందరూ రేడియో అనేవాళ్లు. ఆమె కబుర్లు చెబుతూ పోతుంటే, అవి వినడం కోసమైనా మిగతావాళ్ల చేతులు ఆమె వేగాన్ని అందుకునేవి. మధ్యలో మెత్తక్క. నోరు విప్పదు, వేళ్లు మాత్రం ఆగవు. అందరికన్నా వెనక చిటపటక్క. ఆమె పని తిట్టడం. "ఈ మొగ్గ ఎవతె ఇడిసిందే? కండ్లు నెత్తికెక్కినయా? గింత లావు మొగ్గ కానొస్తలేదా?" అంటూ వదిలేసినవన్నీ ఏరి గిల్లుతూ వచ్చేది. సాయంత్రమంతా అదే రభస. గట్టు మీద గొడుగేసుకుని నిలబడిన నాకు (ఉద్యోగి ఎండలో నిలబడకూడదు కదా) ఆ గోల వింటే ఒళ్లు మండిపోయేది.

సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్లు మమ్మల్ని వనపర్తిలో ఒక రోజు శిక్షణకు పిలిచారు. టై కట్టుకున్న ఒకాయన మనుషులు నాలుగు రకాలని చెప్పి, ప్రశ్నల కాగితాలూ నాలుగు రంగుల అట్టలూ పంచాడు, మా కూలీలకు ఇవ్వడానికి ఒక్కో కట్ట కూడా చేతిలో పెట్టాడు. పసుపు అట్టవాళ్లు మాటకారులు, ఆకుపచ్చవాళ్లు శాంతమూర్తులు, నీలం వాళ్లు ఆలోచనాపరులు, ఎర్ర అట్టవాళ్లు ముక్కోపులు. నాకు ఎర్రది వచ్చింది. మండిపడి, పక్కవాడి నీలం అట్ట లాక్కుని నాది వాడి చేతిలో పెట్టాను. ప్రతి రకానికీ సహజంగా ఒక బలం ఉంటుందని, దాన్ని గుర్తుపట్టడమే అసలు విద్య అని ఆయన మధ్యాహ్నం చెప్పాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు నేను బయట, పెరుగు అయిపోయిందన్నందుకు వంటాయనతో గొడవపడుతున్నాను.

మర్నాడు ఆడవాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. "పెళ్లికి వెళ్తే అందరితో మాట్లాడతారా, ఒక మూల కూర్చుంటారా?"

"ఎవరి పెండ్లి సారూ?" అంది రేడియో.

"ఎవరిదో ఒకరిది!"

"గట్లెట్ల సెప్తం? మనోళ్ల పెండ్లయితే ఒక తీరు, పరాయోళ్లదయితే ఒక తీరు."

మెత్తక్క నవ్వి ఊరుకుంది. ఆకుపచ్చ. చిటపటక్క మాత్రం లేచి నిలబడింది. "మొగ్గలు గిల్లే యాళ్లయితుంది, నువ్వు పెండ్లి ముచ్చట వెట్టినవ్. నీకు పనిలేదా సారూ?" అంతే, ఎర్ర అట్ట ఆమె చేతిలో పెట్టాను. కోపిష్ఠులను జట్టుకు దూరంగా ఉంచాలని (టై ఆయన అలా అనలేదు, అది నా సొంత తెలివి) ఆమెను చేను చివర మగ మొక్కల దగ్గర ఒంటరి పనికి పంపేశాను. రేడియో వెనక నుంచి అందరినీ ఉత్సాహపరుస్తుందని ఆమెను వెనక వరుసకు మార్చాను. మామ నసిగాడు. "వాళ్ల తీరుల వాళ్లు చేస్తుండ్రు గద అల్లుడా, జర ఆగరాదు." నేను ఆగలేదు. చదువుకున్నవాడిని.

రెండు సాయంత్రాలు చేను ఎంత ప్రశాంతంగా ఉందో! తిట్లు లేవు, నవ్వులే. కంపెనీకి ఉత్తరం కూడా రాశాను, నా పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోందని. మూడో రోజు పొద్దున చేనుకు వెళ్లేసరికి మామ సాలు మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన చుట్టూ ఎక్కడ చూసినా లేత పసుపు పూలు హాయిగా విచ్చుకుని ఉన్నాయి. సాయంత్రం గిల్లాల్సినవి. వెనక వరుసలో రేడియోకు కబుర్లే తప్ప మొగ్గలు కనబడలేదు. ఆ మధ్యాహ్నమే ఆఫీసరు తనిఖీకి వస్తాడు. మామ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

తప్పు నాదని తెలుసు. తెలిసింది కాబట్టే ఇంకా రెచ్చిపోయాను. అరిచాను. అందరి మీదా కాదు, మెత్తక్క మీద. ఎందుకంటే ఆమె ఎదురు చెప్పదు. తిన్నది అరగక పనికొస్తున్నారా అన్నాను, కళ్లు దొబ్బాయా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె చేతిలోని దారపుండ గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఊరివైపు నడిచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు పని ఆపి కూర్చున్నారు.

అప్పుడొచ్చింది చిటపటక్క, మగ పూల బుట్ట నడుమున పెట్టుకుని. చేనంతా ఒకసారి చూసింది. "నన్ను ఆడ పడేస్తివి. ఈడ ఎనక సూసెటోళ్లెవరు? ఈ రేడియో నోరు ముందల పనికొస్తది, ఎనక పనికొస్తదా?" అని నన్ను కడిగేసి, రేడియో వైపు తిరిగింది. "లేయే! ముందట నడువు. నిన్న సంతల ముచ్చట సగమే చెప్పినవ్, మిగిలింది చెప్పు." రేడియో లేచింది, కథ మొదలైంది, చేతులు కదిలాయి. దారం లేని ప్రతి పువ్వునూ, నిన్న తనంతట తాను విచ్చుకుని పిందెగా మారినదాన్నీ తెంపి పారేస్తూ వెనక చిటపటక్క తిట్లు. మామా నేనూ కూడా సాళ్లలో దూరాం. ఆ తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆఫీసరు మధ్యాహ్నం వచ్చాడు. ఎనిమిది సాళ్లు తిరిగి, దారం లేని పూలు రెండే పట్టుకుని, "ఇంకొంచెం జాగ్రత్త" అని సంతకం పెట్టి వెళ్లాడు. మామ గట్టు మీద కూలబడ్డాడు. "ఇంత కోపం యాడికెల్లి తెస్తవమ్మా నువ్వు?" అన్నాడు నవ్వుతూ.

చిటపటక్క నవ్వలేదు. "నాకు కోపమొస్తే మొగ్గ దొర్కుతది మామా. ఈ సారుకు కోపమొస్తే మనిషి పోతది."

ఆ సాయంత్రమే మెత్తక్క ఇంటికి వెళ్లాను. క్షమించమన్నాను. మజ్జిగ ఇచ్చింది. "ఏం కాలే సారూ" అంది. మర్నాడు వేరే వాళ్ల చేనుకు వెళ్లింది. మళ్లీ రాలేదు. పనికి మరో మనిషి దొరక్క, ఆమె సాళ్లు చివరిదాకా నేనే గిల్లాను. చిటపటక్క నా వెనకే వచ్చి, నేను వదిలేసిన ప్రతి మొగ్గకూ ఊరంతా వినబడేలా తిట్టింది. నాకు కోపం రాలేదంటే మీరు నమ్మరు. వచ్చింది, రోజూ వచ్చింది. నోరు మాత్రం తెరవలేదు, గోళ్లలో పని ఉంది.

గొడుగేసుకుని గట్టు మీద నిలబడి, ఆడవాళ్లకు అట్టలు పంచుతున్న ఆ ఇరవై రెండేళ్ల వాడు ఇప్పుడు ఎదురైతే చెంప పగలగొట్టాలని ఉంటుంది. చెయ్యెత్తేలోపే నవ్వొస్తుంది. పాపం, వాడికి ఇంకా మొగ్గ గిల్లడం కూడా రాదు.