మూడు అగ్గిపెట్టెలు

అనంతగిరిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ముసలామె ఒడిలో మూడు అగ్గిపెట్టెలున్నాయి. ఎవరితోనూ మాట్లాడకూడదనుకున్నవాణ్ని, ఉండబట్టలేక అడిగాను.

“మూడెందుకమ్మా?”

“మావూల్లో మూడిల్లు బాబూ. రేపు జనాభా లెక్క రాసీవోలొత్తారట. పొగ లేపోతే ఊరి పేరు కొట్టేత్తారు. మూడిల్లల్లోనూ పొయ్యెలిగించాల.”

“మిగతా ఇళ్లవాళ్లు వెలిగించుకోరా?”

“ఓ ఇంటోలు వలసెలిపోనారు. ఓ ఇంటోలు సచ్చిపోనారు. నానొక్కర్తినే ఉన్నాను.”

బయట చినుకులు పడుతున్నాయి. అగ్గిపెట్టెలు తడవకుండా కొంగులో చుట్టుకుని, ఒక మలుపు దగ్గర బస్సు ఆపించుకుని దిగిపోయింది.

ఇప్పటికీ ఆ దారిలో కొండ మీద పొగ కనిపిస్తే, అక్కడ మనుషులున్నారని వెంటనే నమ్మలేను.

ఆ ఊరి పేరు మాత్రం నేనూ అడగలేదు.