నేను వేసిన సున్నాలు

ఎండాకాలం సాయంత్రాల్లో మా వీధి చివర ఎవరో జీడిగింజలు కాలుస్తారు. ఆ పొగ ఘాటుకి ముక్కు మండినప్పుడల్లా డాక్టర్ వసుంధర గారు గుర్తొస్తారు. తొంభైల్లో నర్సీపట్నంలో ఆవిడ క్లినిక్‌లో నేను నర్సుని. ముసలితనంలో మతిమరుపు మామూలేనని అందరూ కొట్టిపారేసే రోజులవి. అది అల్జీమర్స్ అయితే, మొదట్లోనే కనిపెడితే మనిషికి తన బతుకు తాను సర్దుకునే వ్యవధి దొరుకుతుందనేవారు ఆవిడ. విశాఖ నుంచి జ్ఞాపకశక్తి పరీక్ష కాగితాలు తెప్పించి నా చేతికిచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిన ముసలివాళ్లందరికీ ఆ పరీక్ష పెట్టేదాన్ని.

ఒకరోజు కృష్ణదేవిపేట వైపు నుంచి జీడితోట రైతు అప్పలనాయుడు గారు భార్య వరాలమ్మ గారిని వెంటబెట్టుకొచ్చారు.

"దీనికి మతి పోయిందమ్మా. సెప్పని మాట సెప్పానంటాది. షెడ్డు తాళాలు నాకిచ్చేశానంటాది. యలమంచిల్లో కూతురి కాడ దించేద్దారనుకుంటన్నాను," అన్నారాయన.

"నాను సెప్పినాను తల్లీ. తోటిడిసి నాను బతకనేను," అన్నారావిడ తల వంచుకుని.

నేను కాగితం తీశాను. వందలోంచి ఏడు తియ్యమంటే ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. గడియారం బొమ్మ వెయ్యమంటే పెన్సిల్‌ని అటూ ఇటూ తిప్పి కింద పెట్టేశారు. ఇవాళ తారీఖెంత అని అడిగాను. "తారీకు నాకేటి తెల్సు? ఎల్లుండి అమావాస్య," అన్నారు. మూడింటికీ మూడు సున్నాలు చుట్టి, ఘనకార్యం చేసినట్టు డాక్టర్ గారి బల్ల మీద పెట్టాను.

డాక్టర్ గారు కాగితం చూసి, గోడ మీది క్యాలెండర్ చూశారు.

"ఎల్లుండి అమావాస్యే సత్యవతీ. బడి మొహం చూడని మనిషిని ఇవా అడగడం? ఈ సున్నాలు ఆవిడకి కాదు, మన ప్రశ్నలకి వెయ్యాలి," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ కుర్చీ ఇవతలికి లాక్కుని భార్యాభర్తల ఎదురుగా కూర్చున్నారు. "కొడవలి, గొడుగు, ఎండుచేప, గంట, మల్లెపూలు. గుర్తు పెట్టుకోండి, మళ్లీ అడుగుతాను. ఇద్దరూ ఒకసారి నాతో అనండి," అన్నారు. నాయుడు గారే గట్టిగా అన్నారు. తర్వాత పది నిమిషాలు డాక్టర్ గారు వాళ్లతో జీడిపూత గురించి మాట్లాడారు. వాళ్ల తాత మొదటి మొక్క ఎక్కడ నాటాడో కూడా నాయుడు గారు చెప్పారు. అప్పుడు డాక్టర్ గారు ఇందాకటి ఐదూ అడిగారు. వరాలమ్మ గారు వేళ్లు మడుస్తూ ఐదూ అప్పజెప్పారు.

"మరి మీరు నాయుడు గారూ?"

"ఏ ఐదమ్మా? తవరు నాకేటీ సెప్పనేదు కదా."

వరాలమ్మ గారు తలెత్తి భర్త వంక చూశారు. మేము ఇంతసేపూ పరీక్ష పెట్టింది జబ్బులేని మనిషికి.

ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదని డాక్టర్ గారు ఆయన్ని విశాఖ పంపారు. అక్కడి పెద్ద డాక్టర్లు అది అల్జీమర్సేనని, ఇంకా మొదటి దశేనని అన్నారు. తిరిగొచ్చి నాయుడు గారు మా ముందే తాళాల గుత్తి భార్య చేతిలో పెట్టారు. "నువ్వు సెప్తానే ఉన్నావు. నాకే నిలవనేదు. బేగి రా, గుర్తున్నప్పుడే అన్నీ సూపిస్తాను," అన్నారు. ఆ వేసవంతా సరిహద్దు రాళ్ల నుంచి నీటి కాలవల దాకా దగ్గరుండి చూపించారట.

ఆపైన ఎన్నో ఏళ్లు ఆ తోటని వరాలమ్మ గారే నడిపారు. ఆయన ఆవిడ వెనకే తిరిగేవారు. ఏటా పంట రాగానే వరాలమ్మ గారు వచ్చి, కాల్చిన జీడిపప్పు పొట్లం మా బల్ల మీద పెట్టి, "మతి పోయినదాని తోటలోవి, తినండి," అనేవారు. డాక్టర్ గారు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేవారు.

రెండు వేల సంవత్సరం తర్వాత కొయ్యూరు కొండల్లోని ఊళ్లలో నేనే ఆ పరీక్ష పెట్టాను. ఇప్పటికీ కాగితం తియ్యకముందు ఆరోజు తిథి చూసుకుంటాను. రోగిని తీసుకొచ్చిన మనిషి చేత కూడా ఐదు పేర్లు చెప్పిస్తాను. చాలామంది నవ్వుతూ చెప్పేస్తారు. ఎవరైనా "ఏ ఐదు?" అంటే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాను. మనకింకా వ్యవధి ఉందండీ అని చెప్తాను.