అరటిపండు రోజా

మొన్న ఆదివారం మా మనుమరాలు నన్ను ఆటోలో కూర్చోబెట్టుకొని ఇబ్రహీంపట్నంలోని ఒక మసీదుకు తీసుకెళ్ళింది. ఏ మతంవాళ్ళయినా రావచ్చు, లోపలంతా చూడవచ్చు, తెలియనివి అడగవచ్చు అని పిలిచారట. ఒక కుర్రవాడు మమ్మల్ని నిలబెట్టి, నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, పాదాలు ఎలా కడుక్కోవాలో చూపించి, అందరూ పడమరకే ఎందుకు తిరుగుతారో తెలుసా అని అడిగాడు. పడమరకు కాదు నాయనా, మక్కాలో ఉన్న కాబా వైపుకు, అది మనకు పడమరన ఉంది అంతే, అని నేను చెప్పేసరికి ఆశ్చర్యపోయి, "నీకెట్ల ఎరుక అవ్వా?" అన్నాడు. భక్తితోనో జ్ఞానం మీది ఆశతోనో నేర్చుకుంటే చెప్పుకోవచ్చు గాని, నేను నేర్చుకున్నది ఒట్టి కుళ్ళుబోతుతనంతో.

పోలీసు చర్య జరిగిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు. మా ఇంటికి, పక్కింటికి నడుమ నా నడుమెత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. గోడ అవతల నా ఈడు పిల్ల, నా దోస్తు, వాళ్ళ నానీతో, అంటే అమ్మమ్మతో ఉండేది. తల్లి లేదు, తండ్రికి పట్నంలో నౌకరి. రజాకార్ల భయానికి మా ఇంటి మగవాళ్ళు చేలల్లో తలదాచుకున్న రోజుల్లో, మా అమ్మనూ నన్నూ తన ఇంట్లో పెట్టుకొని, వాకిట్లో తాను మంచం వేసుకొని కూర్చున్నది ఆ నానీయే.

ఆ ఏడు రంజాన్ వానల్లో వచ్చింది. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కనుక ఆ పండుగ ఏటేటా ముందుకు జరుగుతూ అన్ని కాలాలూ తిరిగి వస్తుంది. ఆ నెలలో నా దోస్తు మొదటిసారి రోజా, అంటే ఉపవాసం, ఉంది. దానికెంత సంబరం చేశారనుకున్నారు! చేతులకు గోరింట, మెడలో మల్లెల దండ, ఆకుపచ్చ కొత్త బట్టలు, పట్నం నుంచి వచ్చిన చుట్టాలంతా దాని చుట్టే. ఒక్కపూట తిండి మానితే ఇంత వైభవమా అని నాకు కడుపు మండిపోయింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా నేనూ రోజా పట్టాను. అయితే మా ఇంట్లో ఉపవాసమంటే అన్నం ముట్టకపోవడమే గనుక, మధ్యాహ్నం రెండు అరటిపండ్లు తిని, పాలు తాగి, పొద్దు గూకే వేళకు గోడ దూకి, దండ నా మెడలో ఎప్పుడు పడుతుందా అని నానీ ముందు కూర్చున్నాను. అరటిపండు సంగతి నేనే గొప్పగా చెప్పుకొని దొరికిపోయాను. నా దోస్తు పడీపడీ నవ్వింది.

నానీ మాత్రం నవ్వలేదు. తెల్లవారకముందు తిని, మనసులో అనుకొని, పొద్దు గూకేదాకా గుక్కెడు నీళ్ళయినా ముట్టకపోతేనే రోజా అని చెప్పింది. "కడుపొక్కటే పస్తుంటె చాలదు బేటీ, నాల్క గూడ ఉండాలె, ఒకల మీద చెడ్డ మాట రావద్దు" అంటూ, మొదటి ఖర్జూరం నా చేతిలోనే పెట్టింది. అప్పుడు నా దోస్తు ముఖం చూడాలి!

ఆనాటి నుంచి నేను రోజూ అక్కడే. దేవుడొక్కడే అని, ఐదు పూటల నమాజు, ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు తీసి ఇచ్చే జకాత్, తాహతుంటే బతుకులో ఒక్కసారి మక్కాకు హజ్ యాత్ర అని నానీ చెబుతుంటే, దోస్తు కంటే ముందు అప్పజెప్పాలని నా పంతం. ప్రవక్త సొంత ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చినప్పుడు గుహలో దాగిన కథ, గుహ వాకిట సాలీడు గూడు అల్లిన కథ, మదీనావాళ్ళు వలస వచ్చినవాళ్ళను ఇళ్ళలోకి పిలిచి తమకున్నదాంట్లో సగం పంచిన కథ నాకెంతో ఇష్టం. ఆ చివరి కథ మా ఇంటికి వచ్చేదాకా!

పండుగ వెళ్ళి రెండు నెలలైనా కాకముందే మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. రజాకార్ల మీది కోపం ఏ పాపమూ తెలియని తురక ఇండ్ల మీద పడుతున్నదని కబురు రాగానే, అమ్మ ఆ ఇద్దరినీ గోడ దాటించి, నానీని గింజల గుమ్ముల వెనుక దాచింది. నా దోస్తుకు జడ వేసి, బొట్టు పెట్టి, నా నెమలికంఠం రంగు కొత్త లంగా కట్టింది. బొట్టు పెడుతున్నప్పుడు నానీ ముఖం పక్కకు తిప్పుకుంది. నాకవేవీ పట్టలేదు. నా లంగా, నా కంచం, అమ్మ పక్కన నా చోటు, అన్నీ దానివయ్యాయి. నాలుగు రోజులు కుళ్ళి కుళ్ళి చచ్చాను.

ఐదో రోజు పొద్దున అమ్మ నీళ్ళకు పోయినప్పుడు, కట్టెలు పట్టుకొని ముగ్గురు కొత్త మనుషులు వాకిట్లోకి వచ్చారు. పక్కింటివాళ్ళు ఏమయ్యారని అడిగి, నా దోస్తును చూపించి, ఈ పిల్ల ఎవరన్నారు. అది నా వైపు చూసింది. నేనొక్క మాట అంటే నా లంగా నాకు వచ్చేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈ వయసులో దాచడమెందుకు? నానీ చెప్పిన నాలుక పస్తు గుర్తుకొచ్చిందో, గుమ్ముల వెనుక ఆమె ఊపిరి వినిపించిందో గాని, నోటి నుంచి మరొకటి వచ్చింది.

"మా చిన్నమ్మ బిడ్డ. నా కొత్త లంగ కట్టుకున్నది, అడిగితె ఇస్తలేదు. మా అమ్మ గూడ దాన్నే ముద్దు జేస్తది. మీరన్న జర ఇప్పియ్యుండ్రి!" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాను.

"అక్కచెల్లెండ్ల లొల్లి మనకెందుకురా, నడువుండ్రి" అని వాళ్ళలో ఒకడు నవ్వాడు. వెళ్ళిపోయారు.

తరువాత నానీ దగ్గరకు పోయి, చిన్నమ్మ బిడ్డ అన్నది అబద్ధమే గాని ఏడ్పు మాత్రం నిజమని ఒప్పుకున్నాను. ఆమె నా తల నిమిరి, "గది నాకెరుకే బేటీ" అన్నది.

వారం తిరగకముందే వాళ్ళను తీసుకుపోవడానికి తండ్రి పట్నం నుంచి బండి పంపాడు. నా దోస్తు లంగా మార్చుకోబోతే, దారి మంచిది కాదు, అలాగే పొమ్మంది అమ్మ. నా లంగాతోనే అది బండెక్కింది. నేను మూతి ముడుచుకొని గడప మీద నిలబడి, పోయి రా అని కూడా అనలేదు. పట్నంలోనే ఉన్నారని కొందరు, దేశమే దాటారని కొందరు అన్నారు. నిజమేమిటో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ రెండిళ్ళూ లేవు, ఆ చోట దుకాణాలు వచ్చాయి. పక్కవాళ్ళ రోజా ఎలా ఉంటుందో ఈనాటి పిల్లలు ఇలా ఒక ఆదివారం వరుసలో నిలబడి తెలుసుకుంటున్నారు. తప్పని అనను, తెలుసుకుంటున్నారు కదా. మాకు మాత్రం గోడ దూకితే సరిపోయేది. వస్తుంటే ఆ కుర్రవాడు అందరికీ ఖర్జూరాలు పంచాడు. మొదటిది నా ముందున్న పిల్లకిచ్చాడు, నాకింకా కుళ్ళు పోలేదనుకోండి!

ఆ నెమలికంఠం లంగా నాదే. డెబ్బై ఏళ్ళు దాటినా నేనది వదులుకోలేదు. ఎక్కడున్నా నా దోస్తు ఒక్కసారి వచ్చి, నా లంగా నాకిచ్చి పోవాలి.