తడి ఆరిన గట్టు

వంటిళ్లలో గ్రానైట్ గట్లు బిగించే ఆ మేస్త్రికి పుట్టుమచ్చ మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. కొత్తగా బిగించిన బండమీద ఏ ఇల్లాలైనా చిన్న గుంటను వేలుపెట్టి చూపితే, అతడు చేతులు కట్టుకుని, "అది పుట్టుమచ్చమ్మా. రాయి భూమిలోంచి తెచ్చుకున్నది. చెరపకూడదు" అని గంభీరంగా సెలవిచ్చేవాడు. సృష్టికర్తతో తగవు పెట్టుకోలేక వారు ఊరుకునేవారు. అతడు సంచి సర్దుకునేవాడు.

ఇన్నేళ్లకు సొంత వంటింటికి బూడిదరంగు బండ వచ్చింది. భార్య మురిసిపోయి దానిమీద నుంచి తడిగుడ్డ తీయలేదు. ఆ మురిపెంలోనే, పొయ్యి పక్కన శనగగింజంత గుంట ఆమె వేలికి తగిలింది.

"ఏమండీ, ఇదేమిటి?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూశాడు.

"రేపు అక్క చూడటానికి వస్తోంది. తన కళ్ల సంగతి మీకు తెలుసుగా. ఒక్క మచ్చ కనపడినా నా పరువు పోతుంది."

అతడు గుంటను మాత్రం ఆరబెట్టి, జిగురులో రాతిపొడీ రంగూ కలిపి, చుట్టూ ఉన్న రాయితో సరిచూసి పూడ్చాడు. గట్టిపడ్డాక రుద్దితే ఎక్కడ పూడ్చాడో తనకే తెలియలేదు.

తెల్లవారి చూస్తే బండ ఆరి రంగు తేలింది. పూడ్చిన చోటు కాటుకచుక్కలా నిలిచింది. భార్య తుడిచిన తడికి ముదిరిన రంగునే తాను రాతి రంగు అనుకున్నట్టు అతడికి అప్పుడు బోధపడింది. ఆ బండమీద అతడి పనితనం తడి ఉన్నంతసేపే.

భార్య మళ్లీ గుడ్డ తడిపింది.

అక్క వచ్చేసరికి గట్టు నిగనిగలాడుతోంది.

"ఎందుకే అలా రుద్దుతావు?"

"దుమ్మక్కా."

"నీ దుమ్ము ఎన్ని నీళ్లు తాగుతుందే? గుడ్డ ఇటివ్వు."

గుడ్డను గుప్పిట పట్టుకుని, అక్క గట్టుకెదురుగా పీట వేసుకుని కూర్చుంది. కుశలప్రశ్నలు సాగాయి. రాయి తన ధర్మం ప్రకారం ఆరసాగింది. కాటుకచుక్క మెల్లగా తేలింది.

"అదేమిటే?"

"పుట్టుమచ్చక్కా" అంది భార్య, మొగుడి వంక చూడకుండా. "రాయి భూమిలోంచి తెచ్చుకున్నది. చెరపకూడదు."

ఇన్నేళ్లూ తాను పలికిన మాటే, తనను కాపాడటానికి భార్య పలుకుతుంటే మేస్త్రికి పాలిష్ పెట్టని అంచులా తగిలింది.

"మచ్చ కాదు వదినా, నా పొరపాటు. తడిబండ చూసి రంగు కలిపాను. గీకేసి మళ్లీ పూడుస్తాను."

"మరి మా ఇంట్లో నువ్వు బిగించిన గట్టుమీద, సింకు పక్కనున్నది?"

"అదీ గుంటే వదినా."

"అయ్యో మరిదీ! వచ్చినవాళ్లందరికీ భూమిలోంచి వచ్చిందని చూపించుకున్నాను కదయ్యా!"

అతడు తలవంచుకుని, ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని దండెంమీద ఆరేశాడు.

"ముందు అక్కది పూడ్చి రండి" అంది భార్య. "మనది ఎటూ పుట్టుమచ్చేగా."

అతడు సంచి భుజాన వేసుకున్నాడు. వదిన మాత్రం పీటమీంచి లేవలేదు.

"ఉండవయ్యా. ఇప్పుడే మా గట్టు తుడిచి వచ్చాను. ఆరనీ."