ఒక్కదాన్నే అండమాన్‌కి

మావారు పోయాక కైకలూరులో మా చేపల మేత దుకాణం నేనే నడుపుతున్నాను. లారీల సరుకు దింపించడానికీ, చెరువుల రైతులతో బేరాలాడడానికీ నేనొక్కదాన్నే చాలు. అండమాన్‌కి ఒక్కదాన్నే వెళ్తానంటే మాత్రం ఇంట్లో పెద్ద గొడవైంది.

తాడేపల్లిగూడెం నుంచి మా అన్నయ్య పనిగట్టుకుని వచ్చారు.

"యాభై దాటాక ఒక్కదానివే దీవులకేంటమ్మా? కావాలంటే కాశీ వెళ్ళు. మీ వదినని తోడు పంపిస్తాను."

"కాశీకి వదినని మీరు తీసుకెళ్ళండన్నయ్యా. నాకు సముద్రం అడుగు చూడాలనుంది. టికెట్ తీసేసుకున్నాను" అన్నాను.

ఆయన కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు.

దీవిలో పడవ కోసం నిలబడి ఉంటే ఒక తెలుగావిడ పలకరించింది.

"మీవారు రాలేదాండీ?"

"ఆయన లేరండి. ఒక్కదాన్నే వచ్చాను."

"అయ్యో పాపం."

"పాపమేం లేదండి. కావాలనే ఒక్కదాన్నే వచ్చాను."

గైడు నాకు లైఫ్ జాకెట్ బిగించి, కళ్ళకి అద్దాలు, నోటికి గొట్టం పెట్టి నీళ్ళలోకి దించాడు. ముఖం ముంచగానే ఉప్పునీళ్ళు మింగి, దగ్గుతూ పైకి లేచాను. ఒడ్డుకి వెళ్దామని అతను సైగ చేశాడు. నేను తల అడ్డంగా ఊపి మళ్ళీ ముంచాను. కింద పగడపు దిబ్బల మధ్య పసుపు చారల చేపలు నన్ను లెక్కచేయకుండా తిరుగుతున్నాయి. చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశారు. "సరదా తీరింది కదా, ఇంక ఇంటికొచ్చెయ్యి."

"తీరలేదన్నయ్యా. వచ్చే ఏడు లక్షద్వీప్ వెళ్తాను."

ఆయన "అక్కడ తిండి బాగుందా?" అని అడిగారు.