పత్తిపూల దుప్పటి

నరసరావుపేటలో మెహరున్నీసా అంటే తెలియనివాళ్లు కూడా, మైనం అద్దకాలామె అంటే ఇల్లు చూపించేవారు. పెళ్లికి ముందు హైదరాబాదులో ఆరు నెలలు ఉండి బాతిక్ నేర్చుకుంది. కరిగిన మైనంతో గుడ్డ మీద బొమ్మ వేసి రంగుతొట్టిలో ముంచాలి. మైనం కప్పినచోట రంగు అంటదు. మొదట పసుపు, తర్వాత ఎరుపు, ఆఖరున నలుపు. భర్త లారీ మెకానిక్. సాయంత్రం ఇద్దరూ ఒకే గోలెం దగ్గర, ఎంత తోమినా పోని చేతులు కడుక్కునేవారు.

ఆమె వసారాలో ఆరేసిన గుడ్డల మీద తామరలు విచ్చుకునేవి, వెదురు ఊగేది. అవన్నీ క్యాలెండర్లలోంచి, పిల్లల పుస్తకాల్లోంచి వచ్చినవే. ఊరి పొలిమేర దాటితే చేలే. ఆ చేలలో ఆమె ఏనాడూ కాలు పెట్టలేదు.

ఎనభై ఆరులో బజారు బట్టలకొట్టు శేషగిరిరావు పత్తిపూల దుప్పట్లు పన్నెండు అడిగాడు. మైనం పెట్టే పని దానయ్యది. రొంపిచెర్లలో పత్తికూలీగా బతికి, భార్య పోయాక పేటలో కూతురి పంచన చేరిన మనిషి. ఆమె దగ్గర చేసిన ఐదేళ్లలో ఒక్క చుక్క మైనం అక్కర్లేనిచోట రాల్చలేదు.

మొదటి దుప్పటి ఎరుపు తొట్టిలోంచి తీసి ఆరేసిన పొద్దున, చూసి పోదామని శేషగిరిరావు వచ్చాడు. మైనంతో గీసిన తెల్లగీతల మధ్య, ఒకే కొమ్మకు సగం పూలు పసుపు, సగం ఎరుపు. మెహరున్నీసాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంది దానయ్యా ఇది? పూలన్నిటికీ మైనం పెట్టమన్నానా లేదా? ఒకే చెట్టుకు రెండు రంగుల పూలు యాడన్నా ఉంటయ్యా?"

"ఉంటయ్యమ్మా," అన్నాడు దానయ్య మెల్లగా.

"కూలికి పోయేవాడివి, బొమ్మల సంగతి నాకు చెప్తావా?"

శేషగిరిరావు తక్కిన గుడ్డలు తిరగేస్తూ ఉండిపోయాడు. ఆయన చూస్తుండగానే ఆమె ఎర్రపూలకు మైనం కప్పకుండానే ఆ దుప్పటిని నల్లరంగులో ముంచి పాడుచేసింది. మర్నాటి నుంచి దానయ్య రాలేదు. సొంతూరు వెళ్లిపోయాడని కూతురు చెప్పింది.

రెండు వారాలు చూసి, నాలుగు మంచిమాటలు చెబితే వస్తాడులే అనుకుని, ఆమె రొంపిచెర్ల బస్సెక్కింది. అతను చేలో ఉన్నాడంటే గట్టు వెంట నడిచింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. మోకాలెత్తు మొక్కకు పాలల్లో పసుపు కలిపినట్టు ఒక పువ్వు, దాని పక్కనే సిగ్గుపడ్డ చెంపలా మరొకటి. ఆ పక్క మొక్కకూ అంతే. చేనంతా అంతే.

కలుపు తీస్తున్న ఒకామె నవ్వింది. "ఇయ్యాల పూసింది పసుపు, నిన్న పూసింది ఎరుపు. ఇది కూడా ఎరగవా అక్కా?"

వీపున మందు డబ్బాతో దానయ్య గట్టు మీదికి వచ్చాడు. ఎండన పడి వచ్చారే అని మంచినీళ్లిచ్చాడు.

"తప్పు నాదే దానయ్యా."

"నాకు చెబితే ఏం లాభమమ్మా? షావుకారు ముందు అన్నారు. ఆయన ముందే చెప్పండి."

మూడు రోజులు ఆమె బట్టలకొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఒకరోజు లోపల జనం ఉన్నారని, మరొకరోజు ఎవరూ లేరని. నాలుగోనాడు మెట్టెక్కి, చీరలు చూస్తున్నవాళ్లు వింటుండగానే, దానయ్య మాటే నిజమని, తనకే తెలియదని చెప్పేసింది.

శేషగిరిరావు చేతిలోని గజంబద్ద కింద పెట్టాడు.

"నాకు ఆరోజే తెలుసమ్మా. మాది రాజుపాలెం. పత్తిచేలల్లో పెరిగినోణ్ణి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అంత గట్టిగా అంటుంటే, మధ్యలో నాకెందుకులే అనుకున్నా. ఒక కూలాయన కోసం..." అని, మిగతాది మింగేశాడు.

ఆమెకు కోపం రావాలి. రాలేదు. తన నోటినుంచి వచ్చిన మాటే ఆయన నోట మళ్లీ విన్నట్టుంది.

"అయితే మీరు కూడా రావాలి, రొంపిచెర్లకి," అంది.

శేషగిరిరావు కొట్టులోని జనం వంక చూశాడు. కాసేపటికి గుమాస్తాను పిలిచి కొట్టు చూసుకోమని, చెప్పుల కోసం వెతుక్కున్నాడు. బస్టాండు దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.